పదవ తరగతి పిదప: గ్రూపు ఎన్నికయా, విషయముల ఎన్నికయా?

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినము మొదలు జూనియర్ కళాశాలలు తెరచునంతవఱకు తెలుగునాట ఇంటింట వినవచ్చు ప్రశ్న యొక్కటియే: ఏ గ్రూపు? ఈ ప్రశ్నకు ఎం.పి.సి. యనియో, బై.పి.సి. యనియో, సి.ఇ.సి. యనియో మూడు నాలుగక్షరములలో సమాధానము దొరకును. ఆ యక్షరములలో ఇమిడియున్న పాఠ్యవిషయము లెట్టివి, అవి ఏ విశ్వవిద్యాలయమునకు, ఏ శాస్త్రమునకు దారితీయును, వానిలో దేనిని విడిచిన ఏ దారి మూసికొనిపోవును, వానిని రెండేండ్లపాటు నిత్యము చదువవలసిన బాలునకో బాలికకో వానియెడ ఎట్టి అనురక్తి కలదు అను విచారణ మాత్రము మిక్కిలి అరుదుగా జరుగును. గ్రూపు అనునది పాలనా సౌకర్యము కొఱకు ఒకరు కట్టి యిచ్చిన కట్ట. విషయములు విద్యార్థి జీవితములో ప్రవేశించునవి. కట్టను విప్పి, అందలి విషయములను వేర్వేరుగా చూచి, ప్రతిదానిని బిడ్డతో కలిసి తూచుట తల్లిదండ్రుల ప్రథమ కర్తవ్యమని నా దృఢవిశ్వాసము.

విద్యార్థిని ఏ యీడున శాఖలుగా విభజింపవలయునన్నది స్వాతంత్ర్యానంతరము పెద్దలు దీర్ఘముగా చర్చించిన సమస్య. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతులైన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము, ఉన్నత పాఠశాల దశయందే మానవీయ శాస్త్రములు, ప్రకృతి శాస్త్రములు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖల నేర్పఱచి, బహుళార్థసాధక పాఠశాలలను స్థాపింపవలయునని సూచించినది. అటుపిమ్మట డాక్టరు దౌలత్‌సింగ్ కొఠారీగారి సంఘము 1964-66 మధ్యకాలమున ఈ మార్గమును పునరాలోచించి, అంత లేతప్రాయమున శాఖాభేదము తగదనియు, పదవ తరగతి వఱకు అందఱును ఒకే సామాన్య విద్యను అభ్యసింపవలయుననియు, విశేషాధ్యయనము ఆ తరువాతనే ఆరంభము కావలయుననియు నిర్ణయించినది. ఆంధ్రప్రదేశము 1969-70లోనే ఆ పది, రెండు, మూడు సంవత్సరముల పద్ధతిని చేపట్టినది. ఒక యేటి పి.యు.సి. స్థానమున రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది; 1971లో దానికి ప్రత్యేకముగా బోర్డు ఏర్పడినది. పదునైదేండ్లు నిండువఱకు బాలుని బుద్ధిని ఏ శాఖకును కట్టివేయరాదన్న ఆనాటి వివేకము పుస్తకములలో నిలిచియున్నది గాని, ఆచరణలో ఏడవ తరగతి, ఆఱవ తరగతి పిల్లలకే ఐ.ఐ.టి. ఫౌండేషన్ అనియు, మెడికల్ ఫౌండేషన్ అనియు పేర్లుపెట్టి వేర్వేరు గదులలో కూర్చుండబెట్టుట సర్వసాధారణమైనది. మొదలియారు సంఘము విభజించిన యీడుకంటెను ముందుగానే నేడు విభజన జరుగుచున్నది. పదవ తరగతి పిదప అడుగబడు ప్రశ్నకు సమాధానము మూడేండ్ల ముందే ఇతరులచేత వ్రాయబడియుండుట ఈ కాలపు విద్యలో నన్ను అన్నిటికంటె బాధించు విషయము.

ఇంటర్మీడియట్‌నందలి గ్రూపుల పేరులు అందఱెఱిగినవే. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు ఎం.పి.సి.; వృక్ష, జంతు, భౌతిక, రసాయన శాస్త్రములు బై.పి.సి.; గణిత, అర్థ, వాణిజ్య శాస్త్రములు ఎం.ఇ.సి.; పౌర, అర్థ, వాణిజ్య శాస్త్రములు సి.ఇ.సి.; చరిత్ర, అర్థ, పౌరశాస్త్రములు హెచ్.ఇ.సి. వీనిలో మొదటి రెండింటికి లభించిన ప్రతిష్ఠ ఆ విషయముల స్వాభావిక గౌరవమువలన వచ్చినది కాదు. 1986లో ఎంసెట్ ప్రవేశించిన నాటి నుండి ఇంజనీరింగు, వైద్యము అను రెండు వృత్తుల ద్వారములయొద్ద ఒకే పరీక్ష నిలిచి, ఆ పరీక్షకు శిక్షణనిచ్చుటయే పెద్ద వ్యాపారమై, ఆ వ్యాపారమునకు అనుకూలమైన గ్రూపులే మేధావులవనియు, తక్కినవి మార్కులు రానివారికి మిగిలినవనియు ఒక దురభిప్రాయము సంఘమున వేళ్ళూనినది. చరిత్రయందును రాజ్యాంగవిషయములందును సహజాభిరుచిగల బాలిక పదవ తరగతిలో ఉత్తమశ్రేణి మార్కులు తెచ్చుకొన్నదన్న ఒక్క కారణముచేతనే హెచ్.ఇ.సి.కి అనర్హురాలగుట, అనగా ప్రతిభయే ఆమెకు ప్రతిబంధకమగుట, ఎంతటి అన్యాయమో చెప్పనలవి కాదు.

ఇక విశ్వవిద్యాలయ ద్వారమునుండి వెనుకకు నడచి చూతము. ఏ కోర్సునకు ఏ విషయము అనివార్యమో తెలిసికొనుటయే ఈ సమస్యలో సగము. తక్కిన సగము బిడ్డ స్వభావము.

అన్నిటికంటె ఎక్కువ దారులను శాసించునది గణితము. ఇంజనీరింగు మాట అటుంచుడు. వాస్తుశిల్పమునకు గణితము, భౌతికశాస్త్రము రెండును వలయును. జాతీయ రక్షణ అకాడమీలో సైనికదళ విభాగమున ఏ గ్రూపువారైనను చేరవచ్చును గాని, నౌకా, వైమానిక విభాగములకు గణిత భౌతికములు తప్పవు. విమాన చోదకులు కాగోరువారికిని అంతే. ఇంతవఱకు చాలమంది యెఱుగుదురు. ఎఱుగని దేమనగా, ఢిల్లీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర ఆనర్సు డిగ్రీకి గణితము అవసరము. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయములకు నడుపబడుచున్న సి.యు.ఇ.టి. పరీక్షలో గణితపత్రమును వ్రాయనివారు ఆ తరగతిలో కాలిడజాలరు. అర్థశాస్త్రమునందు మక్కువతో సి.ఇ.సి. చదివి, తీరా దేశమున పేరుగాంచిన కళాశాలల ముంగిట నిలిచినప్పుడు, తాను వదలివచ్చిన గణితమే అడ్డుపడునని తెలిసికొను విద్యార్థుల నిస్పృహ వర్ణనాతీతము. వారికి పదునైదవ యేట ఎం.ఇ.సి. అనునదొకటి కలదని, అర్థశాస్త్రప్రియునికి అదియే క్షేమకరమని చెప్పినవారు లేరు. కలకత్తాలోని భారతీయ సాంఖ్యకశాస్త్ర సంస్థ నడపు బి.స్టాట్. కోర్సునకు కావలసినదియు ప్రధానముగా గణితమే.

సాంఖ్యకశాస్త్రము మాట వచ్చినప్పుడు సి.ఆర్. రావుగారిని స్మరింపకుండ ముందునకు సాగుట కష్టము. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితమున ఎం.ఏ. ముగించి, ఉద్యోగార్థియై కలకత్తా వెళ్ళి, అచ్చటనే ఆ సంస్థనుగుఱించి తెలిసికొని శిక్షణకు చేరిన ఆ మహనీయుడు ప్రపంచములోని గణనీయ సాంఖ్యకశాస్త్రవేత్తలలో నొకడై, 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారమును అందుకొనెను. బాల్యమున ఆయన ఆ శాస్త్రమును లక్ష్యముగా పెట్టుకొన్నవాడు కాడు. దిట్టముగా అభ్యసించిన గణితము ఆయనను అచ్చటికి చేర్చినది. పదునైదేండ్ల బిడ్డను నీవేమగుదువని నిర్బంధించి అడుగుటకంటె, ఏ విషయమును ఇంకను లోతుగా చదువ నభిలషించుచున్నావని అడుగుట మేలని నేను తలచుటకు ఇట్టి జీవితములే కారణము.

అట్లని గణితము నచ్చని బిడ్డను దారులు తెరచియుండునన్న పేరుతో ఎం.పి.సి.లోనికి నెట్టుట ఘోరమైన పొరపాటు. ఎంసెట్ వారసత్వముగా నేడు రెండు రాష్ట్రములలో నడచుచున్న ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలోని 160 ప్రశ్నలలో 80 గణితమునకు సంబంధించినవి. గణితమునందు ప్రీతిలేనివానికి ఆ పరీక్షలో సగము పరాయి భూమి. పదవ తరగతి గణితములో నూటికి నూఱు తెచ్చుకొన్నంతమాత్రమున ఇంటర్ గణితము రుచించునన్న నిశ్చయము లేదు. ఏలయన మొదటిది చాలవఱకు అభ్యాసముచే సాధింపదగినది, రెండవది అవకలనము, సమాకలనము, సదిశలు మొదలగు అమూర్త భావములను మనస్సున నిలుపుకొనగల ఓర్పును కోరునది.

జీవశాస్త్రవిషయమున మఱియొక భ్రాంతి కలదు. నా బిడ్డకు బయాలజీ అనిన ఇష్టము, కావున బై.పి.సి. అని తేలికగా తేల్చివేయుదురు. జాతీయ వైద్యప్రవేశ పరీక్షయైన నీట్‌లో 180 ప్రశ్నలుండగా జీవశాస్త్రమున 90, భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45. సగము పరీక్ష జీవశాస్త్రేతరము. అందును భౌతికశాస్త్రమున గణితోపకరణములు లేక లెక్కలు సాధింపలేక వెనుకబడువా రనేకులు. వారిలో ఎందఱో లాంగ్‌టర్మ్ పేరున ఒక యేడు, రెండేండ్లు అదే పుస్తకముల నడుమ గడుపుదురు. కావున బై.పి.సి.లో చేర్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్న జీవశాస్త్రము ఇష్టమా అని కాదు, భౌతికశాస్త్రమును సహింపగలవా అని. వైద్యమొక్కటే బై.పి.సి. గమ్యమని తలచుటయు అసమంజసము: పశువైద్యము, వ్యవసాయము, ఉద్యానశాస్త్రము, ఔషధశాస్త్రము, జీవసాంకేతికము ఈ దారిలోనివే, వ్యవసాయ ప్రధానమైన ఈ నేలమీద వ్యవసాయ పట్టభద్రుడగుట వైద్యుడు కాలేకపోయినవాని ఓదార్పు బహుమానముగా చూడబడుట మనకు శోభింపదు.

గణితమును జీవశాస్త్రమును విడదీసిన మన పద్ధతి ఎంతటి నష్టము కలిగించుచున్నదో తెలియవలెనన్న, తిరుపతిలో 2015లో స్థాపింపబడిన ఐసర్ వంటి విజ్ఞాన సంస్థల ప్రవేశ పరీక్షను చూడుడు. అందు 60 ప్రశ్నలు. జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రములు నాలుగింటికిని సమముగా 15 చొప్పున. శాస్త్రపరిశోధకుడు కాగోరు తెలుగు విద్యార్థి ఎం.పి.సి. చదివిన జీవశాస్త్రమునందు, బై.పి.సి. చదివిన గణితమునందు, ఏదో యొకదాని యందు పదవ తరగతి పరిజ్ఞానముతోనే ఆ పరీక్షకు కూర్చుండవలసివచ్చుచున్నది. సి.బి.ఎస్.ఇ. పాఠశాలలలో గణిత జీవశాస్త్రములు రెంటిని కలిపి తీసికొను వీలు చాలకాలముగా కలదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 విద్యాసంవత్సరము నుండి ఎం.బై.పి.సి. అనుపేర ఆ యవకాశమును కల్పించుట హర్షణీయము. భారము హెచ్చన్నది నిజమే. అందఱికిని అది తగదు. కాని రెండు విషయములయందును నిజమైన ఆసక్తిగల బిడ్డకు ఒకదానిని బలియిమ్మని చెప్పవలసిన దుఃస్థితి తప్పినది. 2020 జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ కఠినమైన గోడలుండరాదని ప్రకటించినది; ఆ ప్రకటన మన జూనియర్ కళాశాలల గదులలోనికి వచ్చుటకు ఇంకను చాల దూరమున్నది.

న్యాయశాస్త్రమునకు ఏ గ్రూపు చదివినను చేరవచ్చును. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయము క్లాట్ పరీక్షమూలముగా ప్రవేశము నిచ్చును. అచ్చట పరీక్షింపబడునది చదివి అర్థము చేసికొను శక్తి, తర్కించు శక్తి. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షకును గ్రూపు నిబంధన లేదు. కాని అందు వాణిజ్యగణితము, సాంఖ్యకము ఉండుటవలన గణితము చదివినవారికి సులువు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇంటర్ పిదపనే అయిదేండ్ల సమీకృత ఎం.ఏ. చదువవచ్చును, చరిత్ర, భాష, సమాజశాస్త్రము వంటి వానియందు ప్రీతిగల తెలుగుబిడ్డకు ఇంటికి దగ్గఱలోనే ఇంతటి అవకాశముండగా, దానిపేరైనను వినని తల్లిదండ్రులు వేలకొలది. హెచ్.ఇ.సి. యిప్పుడు ప్రధానముగా ప్రభుత్వ కళాశాలలలోనే జీవించియున్నది. రేపటి పాలకులకు, పాత్రికేయులకు, ఉపాధ్యాయులకు, న్యాయవాదులకు పునాది కాదగిన గ్రూపును ప్రైవేటు విద్యారంగము చాలవఱకు త్యజించుట, ఆ విషయములు అప్రయోజకములన్న నిర్ణయముచేత కాదు, వానికి ర్యాంకుల ప్రకటనలు లేకపోవుటచేత.

భాషలనుగుఱించి ఎవ్వరును విచారింపరు. కాని చిరకాలము అమలులోనున్న పద్ధతిలో ఇంటర్‌యందలి వెయ్యి మార్కులలో 400 ఇంగ్లీషునకును ద్వితీయభాషకును చెందినవి. ద్వితీయభాషగా తెలుగును విడిచి సంస్కృతమును తీసికొనువారు అసంఖ్యాకులు. గీర్వాణభాషయందలి భక్తిచేత గాక, తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు వచ్చునన్న లెక్కచేత. సంస్కృతమును నిజముగా నేర్చుకొన్న యెడల ఆనందింపదగినదే. నేర్చుకొనక, తెలుగును పదవ తరగతితో ముగించుట మాత్రము రెండు భాషలకును చేయు అపచారము. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు ఈ మార్కులు నేడు చాలచోట్ల అక్కఱకు రాకపోవుటవలన, ఈ నిర్ణయమును మార్కులకు కాక బిడ్డ యిష్టమునకు వదలివేయుటయే సముచితము. ప్రవేశ పరీక్షలు వ్రాయు భాషను గూడ తెలిసికొనవలయును: ఇంజనీరింగునకైన జె.ఇ.ఇ. మెయిన్, వైద్యమునకైన నీట్ పరీక్షలు నేడు తెలుగులోను వ్రాయవచ్చును, జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ మాత్రము ఇంగ్లీషు, హిందీ భాషలకే పరిమితము. తెలుగు మాధ్యమమున చదివిన గ్రామీణ విద్యార్థికి ఈ భేదము ముందుగా తెలిసియుండవలయును.

ఆంగ్లదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇదే సమస్య వేఱు రూపమున ఎదురగుచున్నది. అచ్చట పదునాఱవ యేట ఏ-లెవెల్స్ పేరున సాధారణముగా మూడు విషయములనే ఎన్నుకొందురు. గ్రూపుల కట్టలు లేవు. స్వేచ్ఛ పూర్తిగా కలదు. కాని ఆ స్వేచ్ఛయే ప్రమాదకరమగుట కలదు. ఆ దేశపు ప్రముఖ విశ్వవిద్యాలయముల కూటమియైన రస్సెల్ గ్రూపు 2011లో ఏ విషయములు ఎక్కువ కోర్సులకు దారితీయునో తెలుపు మార్గదర్శిని ప్రకటించెను. ఆ జాబితాలో లేని సంగీతము, చిత్రకళ వంటి వానిని పాఠశాలలు చిన్నచూపు చూచుచున్నవని విమర్శ చెలరేగగా, 2019లో జాబితానే విడిచిపెట్టి, కోర్సువారీగా సమాచారమిచ్చు పద్ధతిని అవలంబించెను. జాబితాలు మార్గమును చూపుటతో ఆగక విషయములకు తరతమములను అంటగట్టునన్న యీ అనుభవము మన ఎం.పి.సి., బై.పి.సి.ల చరిత్రనే వేఱొక గడ్డమీద చెప్పుచున్నది.

ఇన్ని నియమముల నడుమ బిడ్డ స్వభావమును తెలిసికొనుట యెట్లు? మార్కుల పట్టిక చాలదు; ఒక ఉపాధ్యాయునిపై గల ప్రేమ ఆయన బోధించు విషయముపై ప్రేమగా తోచును; ఒక స్నేహితుడు చేరిన గ్రూపులో చేరవలెనన్న కోరిక అభిరుచివలె కనిపించును. నాకు తెలిసిన మేలైన ఉపాయము సులభమైనది: తెలుగు అకాడమీ ప్రచురించిన ప్రథమ సంవత్సర పాఠ్యపుస్తకములను వేసవిలో తెచ్చి, బిడ్డ ఆలోచించుచున్న ప్రతివిషయమునందును రెండేసి అధ్యాయములను, ఎవ్వరి ఒత్తిడియు లేకుండ, తనంత తానుగా చదువనీయుట. అర్థము కాకపోయినను మఱల తెరచి చూచిన పుస్తకమేదో, అర్థమైనను మూసి పక్కన పెట్టిన పుస్తకమేదో గమనించిన చాలును. తరువాత ఆ గ్రూపులో ద్వితీయ సంవత్సరము చదువుచున్న అక్కనో అన్ననో పిలిచి, పెద్దలు ప్రక్కన లేకుండ వారిని మాటలాడుకొననీయవలయును. నాన్నగారి యెదుట చెప్పని మాటలు వారి నడుమ దొర్లును.

గ్రూపు ఎన్నిక వేఱు, కళాశాల ఎన్నిక వేఱు. ఈ రెంటిని కలగలుపుట వలన ఎందఱో బిడ్డలు నచ్చిన విషయమునే ద్వేషించుటకు అలవాటు పడుచున్నారు. వేకువనే మొదలై రాత్రి పొద్దుపోవువఱకు సాగు హాస్టలు దినచర్య, వారాంతపు పరీక్షలు, మార్కులనుబట్టి సెక్షన్లు మార్చుట ఇవి గణితమునకో జీవశాస్త్రమునకో సహజధర్మములు కావు. నిద్రించుటకును, ఆడుకొనుటకును, పాఠ్యేతర పుస్తకము నొకదానిని చదువుటకును వేళ మిగులని చోట ఏ విషయమును నిలువదు. కన్నతల్లిదండ్రులకు దూరముగా, ర్యాంకు భయముతో, ప్రాణముల మీదికి తెచ్చుకొనిన పిల్లల వార్తలు ఏటేట వినుచుండియు మనము ఈ యేర్పాటును మార్చుకొనకుండుట క్షమార్హము కాదు. కళాశాల కొఱకు బిడ్డను పొరుగు రాష్ట్రమునకు పంపదలచినవారు స్థానికతానియమములను గూడ చూచుకొనవలయును. తెలంగాణ 2024లో మార్చిన నియమము ననుసరించి వైద్యవిద్యలో స్థానిక సీటునకు తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్ వఱకు ఆ రాష్ట్రమునందే చదివియుండుట ప్రధానార్హత.

పల్లెటూళ్ళ విషయమున ఎన్నిక అను మాటకే అర్థము తక్కువ. మండల కేంద్రములోని ప్రభుత్వ కళాశాలయం దేయే గ్రూపులున్నవో, బస్సు ఏ వేళకు తిరుగునో, అవియే నిర్ణయించును. ఆడపిల్ల విషయమున మఱింతగా. అట్టి బిడ్డలకు పదవ తరగతి మార్కుల ఆధారముగా ఆఱేండ్ల సమీకృత ఇంజనీరింగు విద్య నొసగు, 2008లో నెలకొన్న, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణములు (నూజివీడు, ఇడుపులపాయ, బాసర వంటివి) ఆశ్రయములైనవి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షయైన పాలిసెట్ వ్రాసి డిప్లొమా ముగించినవారు ఈసెట్ పరీక్ష ద్వారమున బి.టెక్. రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఈ మార్గమున పోయిన బిడ్డ ఇంటర్ పోటీకి వెలుపలనే ఉండి ఇంజనీరగును.

పొరపాటు జరిగినదని తెలిసిన పిదప చేయవలసినదియు చెప్పవలసియున్నది. తరగతులు మొదలైన తొలివారములలో గ్రూపు మార్చుకొన్న నష్టము స్వల్పము. ఫీజు కట్టితిమి గదా యని రెండేండ్లు భరింపజేయుట వలన కలుగు నష్టము చాల పెద్దది. ఇంటర్ ముగిసిన తరువాత జీవశాస్త్రమును అదనపు విషయముగా ఉత్తీర్ణులైనవారును నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్యమండలి 2023 నవంబరులో ప్రకటించినది. జాతీయ సార్వత్రిక విద్యాలయసంస్థ మూలముగా ఒక్క విషయమునే విడిగా వ్రాయు వీలు కలదు. ఎం.పి.సి. చదివినవారు న్యాయమునకు, వాణిజ్యమునకు, చరిత్రకు మరలుట నియమములచేత నిషిద్ధము కాదు. తిరుగుదారి కష్టమైనది గణితమును విడిచినవారికే. అందుచేత గణితమునందు ఇష్టానిష్టములు సమముగానున్న బిడ్డకు ఎం.పి.సి.యో ఎం.ఇ.సి.యో, స్పష్టమైన అయిష్టముగల బిడ్డకు నిస్సంకోచముగా తక్కిన గ్రూపులలో తనకు నచ్చినదియు, ఇదియే నేనిచ్చు సలహా. ఈ సంభాషణ ఫలితములు వచ్చిన తరువాత, కళాశాలల ప్రతినిధులు గుమ్మములో నిలిచియున్నప్పుడు జరుపవలసినది కాదు. పదవ తరగతి దసరా సెలవులలోనే, పరీక్షల వేడి యింకను తగులకమునుపే, బిడ్డను సమానుడుగా కూర్చుండబెట్టుకొని ఆరంభింపవలయును. అపుడు వేసవికి పుస్తకములను చదివిచూచుటకును, ద్వితీయ సంవత్సరపు విద్యార్థులతో మాటలాడుటకును, మనస్సు మార్చుకొనుటకును గూడ బిడ్డకు వ్యవధి మిగులును.